బూట్లు బయట ఉన్నప్పుడు

మా ఇంట్లో జీతాల మీద జరిగిన అన్నిటికంటే పెద్ద గొడవ గుసగుసల్లోనే జరిగింది. అరిచే వీలుంటే ఆ రోజు మా తమ్ముడూ నేనూ గోదావరిఖని చౌరస్తా దాకా వినబడేవాళ్ళం. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వాడికి నాలుక మీద ఉంటుంది. కానీ వాడుండేది బొగ్గు కంపెనీ క్వార్టర్లో. ఆ వరసలో ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. పక్కింటి చాచా నైట్ షిఫ్టు దిగి వచ్చి పడుకున్నాడు. ఆయన బూట్లు గుమ్మం బయట ఉన్నాయి.

ఈ బూట్ల సంగతి ముందు చెప్పాలి. మా లైన్లో ఇది ఎవరూ రాయని చట్టం. డ్యూటీ నుంచి వచ్చిన మనిషి పడుకునే ముందు బూట్లు గుమ్మం బయట వదులుతాడు. లేచాక లోపల పెట్టుకుంటాడు. బూట్లు బయట ఉన్నంతసేపూ గోడకు అటూ ఇటూ రోట్లో ఏదీ దంచరు, టీవీ గొంతు పెంచరు, పిల్లల్ని కొట్టాలన్నా ఆగుతారు. మా నాయన కూడా బాయి పని చేసినవాడే. బొగ్గు గనిని మేం బాయి అనే అంటాం. అందుకే చిన్నప్పుడు పగలంతా పెదవులతోనే మాట్లాడుకునేవాళ్ళం. నేను ప్రభుత్వ బడిలో టీచరుగా చేరిన కొత్తలో హెడ్మాస్టర్ పిలిచి, మేడం, మీ గొంతు వెనక బెంచీకి చేరడం లేదు అన్నాడు. ఇప్పుడా మాట చెబితే మా స్టాఫ్‌రూమ్‌లో పడీ పడీ నవ్వుతారు.

ఆ రోజు రెండో శనివారం. పొద్దున పెద్దపల్లిలో కలెక్టరేట్ ముందు మా టీచర్ల ధర్నా. అది ముగించుకుని నేరుగా తమ్ముడింటికి వచ్చాను. భుజానికి పెట్టుకున్న నల్లబ్యాడ్జీ తీయడం మరిచిపోయాను. నేను చెప్పులు విడవకముందే వాడి చూపు దాని మీద పడింది.

"అక్కా, గా నల్లది తీసి కూసో. నల్లగయ్యేటోళ్ళం మేము. మీకెందుకే అది?" అన్నాడు.

"నీ నోరు సల్లగుండ! మంచినీళ్ళన్న తాగనియ్యి" అన్నాను.

అంతవరకూ సరదాగానే ఉంది. మా మరదలు నీళ్ళు తెచ్చింది. వాళ్ళ ఒక్కగానొక్క బిడ్డ కింద చాప మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఆ పిల్ల అప్పటికి ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మ. ఎర్ర పెన్ను ఆపకుండా నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వులో సంతోషమూ ఉంది, భయమూ ఉంది. రెండింటికీ కారణం నాకు తెలుసు. నేను వచ్చిందే అందుకు.

ముందురోజు సాయంత్రం ప్రభుత్వ టీచరు పోస్టుల సెలక్షన్ లిస్టు వచ్చింది. అందులో ఆ పిల్ల పేరుంది. అదే వారంలో మా తమ్ముడికి మెడికల్ బోర్డు నుంచి పిలుపొచ్చింది. బుధవారం కొత్తగూడెం పోవాలి. ఈ రెండూ విడివిడిగా వస్తే రెండూ పండగలే. కలిసి వచ్చాయి, అదే మా ఖర్మ.

మా తమ్ముడు బాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మలు నిలబెట్టి, బోల్టులు బిగించే పని. ఆ దుమ్ములో పాతికేళ్ళుగా ఊపిరి పీల్చాడు. ఇప్పుడు ఆ ఊపిరే అందడం లేదు. కంపెనీ అప్పుడప్పుడూ అందరినీ పిలిచి ఆరోగ్య పరీక్ష చేస్తుంది. ఆ పరీక్ష ఎలా గట్టెక్కాలో మా లైన్లో ప్రతి మగాడికీ తెలుసు. ముందురోజు నుంచే బీడీ ముట్టరు. దవాఖానకు పెందలాడే వెళ్ళి, చెట్టు కింద నీడలో కూర్చుని, గుండె నెమ్మదించాకే లోపలికి పోతారు. మెట్లుంటే ఒక్కో మెట్టు మీద ఆగి, ఎవరితోనో ముచ్చట పెట్టినట్టు నటిస్తారు. దమ్ము, ఆయాసం వస్తోందా అని డాక్టర్ అడిగితే, అస్సలు లేదు సార్ అని పళ్ళన్నీ కనబడేలా నవ్వుతారు. ఒంట్లో బాగాలేదని తేలితే లోపలి పని పోతుంది, దానికిచ్చే అలవెన్సు పోతుంది. మా తమ్ముడు ప్రతిసారీ అలాగే గట్టెక్కాడు. ఇంటికొచ్చి గోడకానుకుని రొప్పేవాడు.

చివరికి మా మరదలూ నేనూ నెత్తీ నోరూ కొట్టుకుని వాడి చేత అన్‌ఫిట్‌కు దరఖాస్తు పెట్టించాం. ఇక పని చేయలేడని బోర్డు తేలిస్తే అతని బదులు ఇంట్లో ఒకరికి కంపెనీ ఉద్యోగమిస్తుంది. ఇప్పుడు ఆడపిల్లలకూ ఇస్తోంది. క్వార్టరూ, దవాఖాన కార్డూ వాళ్ళకే ఉండిపోతాయి. అంటే బిడ్డ కంపెనీలో చేరితే తండ్రి పైకొస్తాడు. ఆమె టీచరుగా పోతే ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి వాడు మళ్ళీ కిందికి దిగాల్సిందే. మధ్యలో మానేస్తే క్వార్టరు ఖాళీ చేయాలి. పైగా బిడ్డ జీతం మీద కూర్చుని తినే రకం కాదు మా వాడు.

అందుకే నీళ్ళ గ్లాసు కింద పెట్టగానే మొదలుపెట్టాను. "కంపెనీ నౌకరే మంచిది బిడ్డా. టీచరు పని గురించి నన్నడుగు, నేను చెప్త" అన్నాను.

"ఏం చెప్తవే?" అన్నాడు తమ్ముడు. "పది గంటలకు పోతరు, నాలుగున్నరకు వస్తరు. ఎండాకాలం సెలవులు, దసరా సెలవులు. వాన ఎక్కువ పడితే సెలవు, ఎండ ఎక్కువ కొడితే ఒక్కపూట బడి. మాకు బాయిల వాన పడ్తదా, ఎండ కొడ్తదా? పగారేమో నిండుగ. మళ్ళ మీదికెళ్ళి ధర్నాలు! గింత మంచి నౌకరి దునియాల ఇంకోటి ఉంటదా?"

చూశారా? వాడు నా ఉద్యోగాన్ని పొగుడుతున్నాడు. అలా పొగుడుతూనే నన్ను తిడుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ ఉద్యోగం వద్దని చెప్పడానికి వచ్చినదాన్ని, దాన్ని ఒక్క మాటంటే మాత్రం ఓర్చుకోలేకపోయాను.

"ఒక్కనాడు వచ్చి మా ఏడో తరగతిల నిలబడు తమ్మీ" అన్నాను, పళ్ళ మధ్య నుంచి. "కోడిగుడ్లు లెక్కబెట్టాలె. మరుగుదొడ్ల ఫోటో తీసి ఫోన్ల ఎక్కియ్యాలె. ఎలక్షన్లంటే పోవాలె, జనాభా లెక్కలంటే ఇల్లిల్లు తిరగాలె. అన్నం తినక వచ్చిన పోరిని చూసుకోవాలె, తాగొచ్చిన తండ్రికి నచ్చజెప్పాలె. గివన్ని అయినంక పాఠం చెప్పాలె. ఊకెనే ఇస్తుండ్రా మాకు పగారు?"

"మరి గంత కష్టముంటే ఇంకెంతియ్యాల్నట?"

"ఎక్కువెవడడిగిండు? మాది మాకియ్యుమంటున్నం. పాత పెన్షన్ తీసేసిరి. మా జీతంలకెళ్ళే కోసి, ఇంత కలిపి, షేర్ మార్కెట్ల పెడ్తున్నరట. ముసలితనానికి ఎంతస్తదో దేవునికే ఎరుక. పెరిగిన కరువు భత్యం ఎప్పుడిస్తరో తెల్వది. దవాఖానకు పోతే మా కార్డు చూసి మొకం తిప్పుకుంటరు. మా పాత హెడ్మాస్టరు రిటైరయి, తను దాసుకున్న పైసల కోసం తనే ఆఫీసుల చుట్టు తిరుగుతుండు పాపం. నీకేంది? క్వార్టరిచ్చె, కరెంటిచ్చె, జ్వరమస్తే మందులిచ్చె. దసరాకు లాభాలల్ల వాటా ఇచ్చె. ఆఖరికి బిడ్డకు నౌకరిచ్చె! మా పిల్లలకు ఎవడన్న టీచరు నౌకరి ఇస్తడా?"

ఇదంతా గుసగుసగానే అన్నాను. గుసగుసగా కోప్పడటం చాలా కష్టం. మెడ నరాలు ఉబ్బుతాయి, ఉమ్ము ఎగురుతుంది. వాడు తువ్వాలుతో మొహం తుడుచుకుని "అబ్బో! తుంపిర్లు పడుతున్నయి, దీనిగ్గూడ సెలవు ఇస్తరా మీకు?" అన్నాడు. మా మరదలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"లాభాల వాటా అంటవు" అన్నాడు వాడు, ఈసారి నవ్వకుండా. "అది దేనికిస్తరో తెలుసా అక్కా? మీద గుట్టంత బండ ఉంటది. దాని కింద నిలబడి దిమ్మ పెడుతుంటే అది మెల్లగ మాట్లాడ్తది. చిన్నగ, పప్పులు వేగినట్టు. గా చప్పుడు ఇన్నంక నీకు కోడిగుడ్లు లెక్కబెట్టుడు పెద్ద కష్టమనిపియ్యది. నా బిడ్డ ఆ కంపెనీ గేటు తొక్కద్దు. మీదిమీద కూసోని తినే నౌకరి ఉంది గదా, అదే చేసుకోని."

కూసోని తినే నౌకరి! మోకాళ్ళ నొప్పులతో రోజంతా నల్లబల్ల ముందు నిలబడే నాతో అంటాడా ఆ మాట! అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడ్డాను.

"అయితే ఇగ బాయిలనే ఉండు. నువ్వు పోయినా దానికా నౌకరి వస్తది గదా? బాయిల పోయినోళ్ళ బిడ్డలకు గూడ ఇస్తది కంపెనీ. అందుకోసం ఎదురుచూస్తున్నవా?" అన్నాను.

నోరు జారిన మాట కాదది. నా లోపల ఎన్నాళ్ళుగానో ఉన్న భయమే అలా బయటికొచ్చింది. మా మరదలు గబుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాడు నవ్వబోయాడు, ఆ నవ్వు దగ్గయింది. పక్కింటి బూట్లు గుర్తొచ్చి తువ్వాలు నోట్లో కుక్కుకుని దగ్గాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, మెడ వంగిపోయింది. చప్పుడు మాత్రం బయటికి రానివ్వలేదు. నేను వీపు మీద చెయ్యి వేస్తే విదిలించుకున్నాడు.

అదే సమయానికి పక్కింటి చాచీ గుమ్మంలోంచి తల పెట్టి, పెదవుల మీద వేలుంచి, "ధీరే బోలో అక్కా, అభీచ్ సోయే" అంది, చాచా ఇప్పుడే పడుకున్నాడన్నట్టు. మా మొహాలు చూసి ఏమనుకుందో, ఇంకో మాట లేకుండా వెళ్ళిపోయింది.

అప్పుడు ఆ పిల్ల ఎర్ర పెన్ను మూత పెట్టింది.

"అత్తమ్మా, నువ్వేమో టీచరు నౌకరి మంచిగలేదంటవు. బాపేమో బాయి నౌకరి మంచిగలేదంటడు. మళ్ళ ఎవల నౌకరినన్న ఒక్క మాటంటే వాళ్ళే కొట్లాటకస్తరు. మీ ఇద్దరికీ ఎంత వస్తదో, ఎంత రావాల్నో నాకు తెల్వదు. నాకు మా ప్రైవేటు బడిల ఇచ్చేది మీ పగార్ల ముందల చాయ్ పైసలు. ఎండాకాలం అది గూడ ఇయ్యరు. జ్వరమస్తే కోస్తరు. పాఠం మాత్రం అదే పాఠం అత్తమ్మా, నువ్వు చెప్పేదే" అంది.

ధర్నాలో మైకు పట్టుకుని మాట్లాడిన మనిషిని, ఆ చాప ముందు నల్లబ్యాడ్జీ తీసి గుప్పిట్లో దాచుకున్నాను. ఆ పిల్ల పేపర్లు సర్దుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా, "నేను కంపెనీలనే చేరుత. బాపు ఇగ దిగద్దు" అంది.

మా తమ్ముడు చాలాసేపు తువ్వాలు మడతపెట్టాడు. "సరే. బుధవారం అక్క నాతోటి వస్తది" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. పంతం నెగ్గిన సంతోషంలో ఆ తేలికను నేను పట్టించుకోలేదు.

బుధవారానికి సెలవు పెట్టాను. చీకటితోనే బస్సెక్కాం. దారి పొడవునా వాడికి పరీక్షకు పోయే పిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. "డాక్టరు అడిగితే ఏదీ దాసకు. రాత్రి పండుకుంటే ఎట్లయితదో చెప్పు. మెట్లెక్కితే ఎట్లయితదో చెప్పు. సిగ్గుపడకు." వాడు అన్నిటికీ తలూపాడు. కిటికీ పక్కన కూర్చుని పత్తి చేలు చూస్తూ, మా చిన్నప్పుడు నాయన నిద్రపోతుంటే మేమిద్దరం సైగలతో అష్టాచెమ్మా ఆడుకున్న ముచ్చట గుర్తుచేశాడు. ఆ ఆటలో తను చేసిన తొండి కూడా ఒప్పుకున్నాడు. నాకు ఆ ప్రయాణం హాయిగా అనిపించింది.

కంపెనీ పెద్ద దవాఖానకు చాలా ముందే చేరాం. లోపలికి పోదాం రా అంటే, "ఇంకా టైమున్నది, జెర కూసుందాం" అని వేపచెట్టు కింద అరుగు మీద కూర్చున్నాడు. చాయ్ తాగుతావా అంటే వద్దన్నాడు. చాయ్ వెంటనే వాడికి బీడీ పడాలి. జేబు వైపు చెయ్యి కూడా పోలేదు. పిలుపు వచ్చాక మెట్లెక్కుతూ మూడో మెట్టు మీద ఆగి, తెలియని మనిషిని ఆపి, ఏ ఏరియా అన్నా మీది అని ముచ్చట పెట్టాడు. ఇంకాస్త పైకెక్కి మళ్ళీ ఆగాడు, ఇంకెవరినో పలకరించాడు.

నేను వాడి వెనక నాలుగు మెట్లు కింద ఉన్నాను. అప్పుడు వెలిగింది నాకు. ఇది అన్‌ఫిట్ కావడానికి పోయే మనిషి నడక కాదు. ఇన్నేళ్ళూ పరీక్ష గట్టెక్కిన నడక ఇది. "తమ్మీ, ఆగరా!" అన్నాను. నా గొంతు, వెనక బెంచీ దాకా చేరే నా గొంతు, ఆ మెట్ల మీద గుసగుసగానే వచ్చింది. వాడు వెనక్కి చూసి, పళ్ళన్నీ కనబడేలా నవ్వి, లోపలికి వెళ్ళాడు. తలుపు దగ్గర మనిషి నన్ను ఆపేశాడు.

ఎంతోసేపు పట్టలేదు. వచ్చినవాళ్ళంతా మాకు బాగాలేదు సార్ అని మొత్తుకునే చోట, నాకేం లేదు, ఇంటోళ్ళ బలవంతానికి దరఖాస్తు పెట్టిన, డ్యూటీ చేసుకుంట అంటే ఏ డాక్టరు కాదంటాడు?

"ఏమన్నరు?" అన్నాను.

"ఫిట్" అన్నాడు, ఫస్టు క్లాసు వచ్చిన పిల్లాడిలా. అంతే, దవాఖాన గేటు దాటగానే రోడ్డు పక్కన కూలబడి, అప్పటిదాకా బిగబట్టిన దగ్గంతా దగ్గాడు. నేను నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాను. కొట్టాలనిపించింది. నిజంగా చెయ్యెత్తాను కూడా. తమ్ముడి మీద చెయ్యి చేసుకునే వయసా నాది, ఛీ!

బస్సులో నా నోరు ఆగలేదు. "దానికి మీదనే ఆఫీసుల పని ఇస్తుండెగదరా! నెత్తికి దీపం కట్టుకొని దిగుమంటరా ఆడపిల్లను? ఎందుకు చేసినవ్ గిట్ల? పాణం మీద ఫికర్ లేదా నీకు?"

"ఇయ్యాల మీద ఇస్తరు. రేపు ఎక్కడిస్తరో ఎవనికెరుక. అయినా గది గాదు అక్కా." వాడు కిటికీలోంచి తల తిప్పలేదు. "నువ్వు నా కోసం మీ నౌకరిని తిట్టినవు. నాకు తెల్వదా? మంచిగలేని నౌకరి కోసం ఎవరన్న ఎండల కూసోని ధర్నా చేస్తరా? ఇడిసిపెట్టి పోతరు. మేము గూడ సమ్మెలు చేసినం. పైసలిస్తే సప్పుడు చెయ్యకుండ దిగినం, గంతే. నువ్వు పైసల కోసం కొట్లాడుకుంట గూడ, బడిల పోరగాండ్ల ముచ్చటే చెప్తవు. నా బిడ్డకు గసుంటి నౌకరి కావాలె. అది నిలబడి అడిగేతందుకు అర్థమున్న నౌకరి కావాలె."

"మరి నువ్వు?"

"గిన్నేండ్లు ఫిట్ అని అబద్ధం చెప్పే నౌకరి చేసిన. ఇంకోపారి చెప్పిన. దీనికేం పాణం పోతదా?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "బోర్డోళ్ళే ఒప్పుకోలేదని చెప్పు ఇంట్ల. నా మీద ఒట్టు" అన్నాడు.

ఇంట్లో అలాగే చెప్పాను. మా మరదలు బోర్డును శాపనార్థాలు పెట్టింది. ఆ పిల్ల ఒకసారి కిటికీ వైపు చూసింది. వాడు మరుసటి రోజు నుంచే డ్యూటీకి పోయాడు.

సెలక్షన్ అయినవాళ్ళకు పోస్టింగులు ఆలస్యమయ్యాయి. ఆ మధ్యలో మేం ఇంకో ధర్నా చేశాం. టెంటు పక్కన జ్యూస్ తాగుతున్న ఒకాయన, మీకింకా చాలట్లేదా మేడం అని వెటకారంగా అడిగాడు. మామూలుగా అయితే ఆయన జ్యూస్ ఆయన గొంతు దిగనిచ్చేదాన్ని కాదు. ఆ రోజు ఊరికే చూశాను. చాలుతోందో లేదో, ఎక్కువో తక్కువో, మా తమ్ముడిని అడగమని చెబుదామనుకున్నాను. ఆ ఉద్యోగం ఖరీదు వాడికి తెలిసినంతగా మా యూనియన్‌లో ఎవరికీ తెలియదు.

పోస్టింగ్ ఆర్డరు వచ్చిందని కబురు తెలిసిన రోజు మిఠాయి డబ్బా పట్టుకుని వెళ్ళాను. మంచిర్యాల దాటి, ఒక ఊళ్ళో ప్రాథమిక బడి. లైన్లోకి తిరగగానే ఆ పిల్ల నాకెదురొచ్చింది. కొత్త చీర కట్టుకుంది. నన్ను పక్కకు తీసుకెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"అత్తమ్మా, బోర్డోళ్ళు ఒప్పుకోలేదని నువ్వన్నది అబద్ధం గదా?"

నా మొహమే చెప్పేసింది.

"బుధవారం బాపు బీడీ కట్ట కిటికీలనే పెట్టి పోయిండు" అంది. "చిన్నప్పటిసంది చూస్తున్న. ఫిట్ కావాల్నన్నప్పుడే పెట్టిపోతడు. నాకు ఆనాడే తెలిసింది."

"మరి తెలిసి గూడ చేరుతున్నవా బిడ్డా?"

"చేరకపోతే ఆయన పోయి దిగిందంతా ఊకె పోతది గదత్తమ్మా" అంది. ఏడవలేదు. ఏడిస్తే నేను కూడా ఏడ్చేదాన్ని, ఇద్దరం ఆ సందులోనే కూలబడేవాళ్ళం.

ఇంటి ముందు లైనంతా పోగయింది. చాచా, చాచీ, ఎదురింటివాళ్ళు, చర్చిలో పాటలు పాడే అక్కలు. ఎవరో దండ తెచ్చారు. ఎవరి గొంతూ లేవడం లేదు. చాచీ ఆ పిల్ల బుగ్గలు పుణికి, పెదవులతోనే ముబారక్ అంది. చాచా చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టాడు. మిఠాయి డబ్బా మూత కూడా మెల్లగా తీశారు. గుమ్మం బయట మా తమ్ముడి బూట్లున్నాయి. నైట్ షిఫ్టు దిగి వచ్చాడు. బొగ్గు తడి ఇంకా ఆరలేదు వాటి మీద.

మా వాళ్ళ సంబరం ఎలా ఉంటుందో చూడాలంటే అక్కడ చూడాలి. అన్ని నోళ్ళు నవ్వుతున్నాయి, ఒక్క చప్పుడు లేదు.

అప్పుడు లోపలి నుంచి గొంతు వచ్చింది. "ఏందే గుసగుసలు! ఎవలు సచ్చిండ్రని? గట్టిగ మాట్లాడుండ్రి! నా బిడ్డ సర్కారు టీచరైంది! లైనంత ఇనబడాలె!"

ఎవరూ మాట్లాడకముందే దగ్గు మొదలైంది. తువ్వాలు అడ్డం పెట్టని దగ్గు. ఈసారి పక్కింట్లో ఎవరూ నిద్రపోవడం లేదు కదా, దాచుకోవాల్సిన పని లేదు వాడికి. అది ఆగలేదు. మా మరదలు లోపలికి పరుగెత్తింది. బయట ఉన్నవాళ్ళంతా మిఠాయి చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. చాచా తల దించుకున్నాడు. ఆయనకూ ఆ దగ్గు తెలుసు.

ఆ పిల్ల దండ తీసి నా చేతికిచ్చింది. వంగి, తండ్రి బూట్లు రెండూ తీసుకుంది. కొత్త చీర కుచ్చిళ్ళకు నల్లటి తడి అంటింది. చూసుకోలేదు. వాటిని తెచ్చి గుమ్మం లోపల, గోడ వారగా పెట్టింది. లేచి నిలబడి, మా అందరి వైపూ తిరిగి, తరగతిలో నిలబడ్డట్టు నిలబడి, "మా బాపు లేసిండు. ఇగ గట్టిగనే మాట్లాడుండ్రి" అంది.

అందరం ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టాం. బడి ఎక్కడ, బస్సు ఎన్నింటికి, ఎంతమంది పిల్లలు, నోటికి ఏదొస్తే అది. లోపలి దగ్గు వినబడకుండా ఉండాలని అందరికంటే గట్టిగా నేనే మాట్లాడాను.